వద్దన్నవాళ్ళ మాట

(ఫిల్మ్ క్లబ్‌లో ‘మ్యాన్ టు మ్యాన్’ ప్రదర్శన ముగిశాక, మానవశాస్త్రం బోధించి రిటైరైన ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. లైట్లు వేశాక కూడా చాలామంది కుర్చీల్లోంచి లేవలేదు, నేను చూశాను. నాకూ లేవాలనిపించలేదు. ఈ సినిమా చూడటం ఇది నాకు మూడోసారి. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి కోపం వచ్చింది. ఆ కోపం ఎందుకొచ్చిందో ఈ రాత్రి మీకు చెప్పాలని వచ్చాను.

ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం కథ రెండు మాటల్లో చెబుతాను. దర్శకుడు ఫ్రెంచివాడు, రెజిస్ వార్నియే. 2005లో బెర్లిన్ చిత్రోత్సవం ఈ సినిమాతోనే మొదలైంది. కథాకాలం 1870. స్కాట్లండ్‌కు చెందిన జేమీ డాడ్ అనే యువ వైద్యుడు మధ్య ఆఫ్రికా అడవికి వెళ్ళి పొట్టిగా ఉండే అడవి జనాలైన పిగ్మీలను ఇద్దరిని పట్టుకుని స్వదేశానికి తెస్తాడు. మగమనిషి టోకో, ఆడమనిషి లికోలా. జంతుప్రదర్శనశాలలకు జంతువులమ్మే ఎలీనా అనే ఆమె ఈ వ్యవహారంలో భాగస్వామి. కోతికీ మనిషికీ మధ్య తెగిపోయిన లంకె దొరికిందని లోకానికి చాటి పేరు తెచ్చుకోవాలని డాడ్ సహచరులు ఇద్దరు తొందరపడుతుంటారు. డాడ్ మాత్రం రోజులు గడిచేకొద్దీ వీళ్ళూ మనలాంటి మనుషులే అని గ్రహిస్తాడు. అక్కడి నుంచి స్నేహితులతో గొడవ మొదలవుతుంది. పాత్రలు కల్పితం, ఆ కాలం మాత్రం నిజం.

నా కోపం ఇదీ. “వీళ్ళు మనుషులా, కాదా?” అన్నది ఈ సినిమా ప్రశ్న. ఆ ప్రశ్న వేసేది తెల్ల శాస్త్రవేత్త, జవాబు కనుక్కునేదీ తెల్ల శాస్త్రవేత్తే. అతని మనసు మారడమే కథ. చూసేవాళ్ళం మనం కూడా అతనితోపాటు మారి, అతనితోపాటు ఊపిరి పీల్చుకుంటాం. కానీ తాము మనుషులమన్న సంగతి టోకోకు పుట్టినప్పటి నుంచీ తెలుసు కదా? లికోలాకు తెలుసు కదా? వాళ్ళు వేసే ప్రశ్న వేరే. మమ్మల్ని ఎందుకు పట్టుకొచ్చారు? ఎవరిని అడిగి పట్టుకొచ్చారు? ఎప్పుడు పంపిస్తారు?

ఈ రెండో రకం ప్రశ్నలు ఆ కాలంలో ఎవరూ అడగలేదని చాలామంది అనుకుంటారు. “ఆ రోజుల్లో అందరూ అలాగే ఉండేవారు, ఇప్పటి విలువలతో అప్పటివాళ్ళను తూచకూడదు” అంటారు. తరగతి గదిలో నేనూ కొన్నేళ్ళు అలాగే చెప్పాను. అది తప్పు. అడిగినవాళ్ళు ఉన్నారు. వద్దన్నవాళ్ళు, పారిపోయినవాళ్ళు, బతిమాలినవాళ్ళు ఉన్నారు. పైగా ఆ “వద్దు” అన్న మాటను, మనుషుల తలలూ ముక్కులూ కొలిచిన దొరలే తమ పుస్తకాల్లో రాసిపెట్టారు. కాకపోతే వేడుకగానో, పనికి అడ్డంకిగానో, అజ్ఞానానికి గుర్తుగానో రాశారు. మానవశాస్త్రంలో నీతి గురించిన మొదటి పాఠాలు అవేనని నేను నమ్ముతున్నాను. అలాంటివి కొన్ని మీ ముందు పెడతాను.

సినిమాలోని 1870 సంవత్సరం దగ్గరే మొదలుపెడదాం. నిజంగా ఆ ఏడే గెయోర్గ్ ష్వైన్‌ఫుర్త్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త మధ్య ఆఫ్రికాలో మంగ్బెతు రాజు ముంజా కొలువుకు చేరాడు. అకా ప్రజలను కళ్ళారా చూసి, కొలిచి, రాసిన మొదటి యూరోపియన్లలో ఆయన ఒకడు. పిగ్మీ అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు అకా, బాకా, ఎంబుటి, ట్వా అని వేర్వేరు జనాలు. ఆదిమోకూ అనే ఆయనను ష్వైన్‌ఫుర్త్ గుడారంలోకి తీసుకొచ్చారు. కొలతలు తీశారు, బొమ్మ గీశారు, ప్రశ్న మీద ప్రశ్న వేశారు. చివరికి ఆయన ఓపిక నశించి గుడారంలోంచి ఒక్క దూకు దూకాడని ష్వైన్‌ఫుర్తే రాసుకున్నాడు. ఆ దూకు నాకు చాలా విలువైనది. ఇంటర్వ్యూ ముగిసిందని చెప్పే హక్కు తనకుందని ఆయన కాళ్ళతో చెప్పాడు.

తర్వాత రాజు ముంజా ఒక అకా కుర్రవాణ్ణి ష్వైన్‌ఫుర్త్‌కు ఇచ్చాడు. బదులుగా ష్వైన్‌ఫుర్త్ ఒక కుక్కను ఇచ్చాడు. ఆ పిల్లవాడి పేరు న్సెవుయే. యూరప్ చేరకుండానే, నైలు ఒడ్డున బెర్బర్ పట్టణంలో రోగంతో చనిపోయాడు. ష్వైన్‌ఫుర్త్ ఆ పిల్లవాణ్ణి ప్రేమగానే చూసుకున్నాడు, చనిపోతే బాధపడ్డాడు కూడా. అంటే సినిమాలోని డాడ్ లాంటి మనిషే. మంచివాడి చేతుల్లోనే ఆ పిల్లవాడు చనిపోయాడు. తల్లిదండ్రులను ఎవరూ అడగలేదు.

ఇక ఎడిన్‌బరో. సినిమా ఈ కథను స్కాట్లండ్‌కు తీసుకెళ్ళడం చాలా సరైన పని. పుర్రె మీది ఎత్తుపల్లాలను బట్టి మనిషి గుణం చెప్పొచ్చని నమ్మిన జార్జ్ కూంబ్ తన ఫ్రెనాలజీ సంఘాన్ని 1820లో పెట్టింది ఆ నగరంలోనే. లోకం నలుమూలల నుంచీ ఆ సంఘానికి పుర్రెలు వచ్చేవి. 1832లో మన మధ్య భారతంలో థగ్గులని, అంటే బాటసారులను చంపి దోచుకునేవాళ్ళని, ఉరితీసిన వారిలో ఏడుగురి పుర్రెలను హెన్రీ స్ప్రై అనే కంపెనీ డాక్టరు అక్కడికి పంపాడు. శవాల కోసం 16 మందిని చంపిన బర్క్, హేర్‌ల కథ కూడా ఆ నగరానిదే, 1828 నాటిది. ఆ శవాలను కొన్నది డాక్టర్ రాబర్ట్ నాక్స్. ఆయన మీద కేసు లేదు. 1850లో అదే నాక్స్ మానవ జాతుల మీద పుస్తకం రాసి, జాతే సర్వస్వం అన్నాడు. 1832లో వచ్చిన చట్టం బీదల శరణాలయాల్లో దిక్కులేకుండా చనిపోయిన బీదల శవాలను వైద్య కళాశాలలకు ఇవ్వొచ్చని చెప్పింది. అంటే అడగకుండా శరీరాన్ని తీసుకోవడం ముందు తమ ఊరి బీదల మీదే అలవాటు చేసుకున్నారు. సముద్రాలు దాటింది ఆ తర్వాత.

మనకు దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. ఎడిన్‌బరోలో విలియం టర్నర్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. 1899 నుంచి 1913 దాకా భారతదేశపు పుర్రెల మీద నాలుగు భాగాలుగా పరిశోధన అచ్చువేశాడు. 1906 నాటి మూడో భాగంలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రజల పుర్రెలున్నాయి. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ పట్టికలో ఉన్నవాళ్ళలో తెలుగు మాట్లాడినవాళ్ళు ఉన్నారా అని నేను చాలాసార్లు అనుకున్నాను. పుర్రె ఏ భాషా చెప్పదు. ఆ విశ్వవిద్యాలయం దగ్గర దాదాపు 1500 పుర్రెలున్నాయి. అందులోంచి శ్రీలంక ఆదివాసులైన వెద్దా ప్రజల పుర్రెలు తొమ్మిదింటిని 2019 నవంబరులో తిరిగి ఇచ్చారు. వెద్దాల పెద్ద వన్నిల ఎత్తో స్వయంగా ఎడిన్‌బరో వెళ్ళి తీసుకున్నాడు. వార్తల్లో ఆ ఫోటో చూసినప్పుడు, ఒక పెద్దమనిషి తన ఇంటివాళ్ళను పొరుగూరి ఆసుపత్రి నుంచి తీసుకెళ్ళడానికి వచ్చినట్టు అనిపించింది నాకు.

లండన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడ రెండు సంఘాలుండేవి. మానవ జాతుల గురించి చర్చించే 1843 నాటి ఎత్నలాజికల్ సొసైటీ మూలాలు ఆదివాసుల రక్షణ సంఘంలో ఉన్నాయి. క్వేకర్లనే శాంతివాద క్రైస్తవులు, బానిసత్వ వ్యతిరేకులు అందులోవాళ్ళే. 1863లో జేమ్స్ హంట్ అందులోంచి బయటికొచ్చి ఆంత్రోపలాజికల్ సొసైటీ పెట్టాడు. అమెరికాలో బానిసత్వం నిలబడాలని యుద్ధం చేస్తున్న దక్షిణాది రాష్ట్రాల ఏజెంటు హెన్రీ హాట్జ్ దాని కార్యవర్గంలో ఉండేవాడు. అదే ఏడు న్యూకాసిల్‌లో పెద్ద శాస్త్ర సమావేశంలో హంట్ ఒక పత్రం చదివాడు. నల్లవాళ్ళు వేరే జాతి జీవులని, తెల్లవాళ్ళ కింద ఉంటేనే వాళ్ళకు మేలని దాని సారం.

అప్పుడు సభలోంచి ఒకాయన లేచాడు. పేరు విలియం క్రాఫ్ట్. అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టినవాడు. 1848లో, తెల్లని ఛాయ ఉన్న తన భార్య ఎలెన్‌కు తెల్ల దొర వేషం వేసి, తాను ఆ దొర నౌకరుగా నటిస్తూ రైళ్ళు, పడవలు ఎక్కి తప్పించుకున్న మనిషి. నల్లవాళ్ళ పుర్రె మందం అన్న మాటకు ఆయన జవాబు ఇచ్చాడు. ఎండ కాచే దేశంలో మెదడును కాపాడటానికి దేవుడు మందం పుర్రె ఇచ్చాడు, లేకపోతే మా మెదళ్ళు కూడా ఈనాటి చాలామంది శాస్త్రజ్ఞుల మెదళ్ళలా అయిపోయేవి అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది, హంట్‌ను ఈసడించింది. 1863లో, నిండు సభలో. “ఆ రోజుల్లో అందరూ అలాగే ఉండేవారు” అన్న మాట నేను మానేసింది ఇది చదివాకే. 1871లో రెండు సంఘాలూ కలిసి ఒకటయ్యాయి. మేము పాఠాల్లో చెప్పే బ్రిటిష్ మానవశాస్త్రం అలా మొదలైంది.

ఇప్పుడు ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి. ఇక్కడ కాసేపు ఆగుతాను.

విలియం లాన్ తిమింగలాల వేట ఓడల్లో పనిచేసిన నావికుడు. టాస్మేనియా ఆదివాసి. 1869 మార్చి 3న ఆ దీవి రాజధాని హోబార్ట్‌లో, ముప్ఫయ్యయిదేళ్ళు నిండకుండానే చనిపోయాడు. అతణ్ణి “చివరి మగవాడు” అన్నారు. అందుకే చావుకు ముందునుంచే అతని అస్థిపంజరం మీద కళ్ళున్నాయి. లండన్ రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్‌కు పంపాలని విలియం క్రౌథర్ అనే సర్జను అనుకున్నాడు. తమకే కావాలని టాస్మేనియా రాయల్ సొసైటీ అనుకుంది. క్రౌథర్ రాత్రివేళ ఆసుపత్రి శవాల గదిలోకి వెళ్ళి, చర్మం కోసి పుర్రె తీసుకుని, ఆ స్థానంలో మరో శవం పుర్రె పెట్టి కప్పేశాడు. సంగతి తెలిసి అవతలి పక్షం, ఇక క్రౌథర్‌కు పూర్తి అస్థిపంజరం దక్కకూడదని చేతులూ పాదాలూ కోసేసింది. మర్నాడు అంత్యక్రియలు జరిగాయి. తోటి నావికులు శవపేటిక మోశారు. ఆ రాత్రే సమాధి తవ్వి మిగిలిందీ ఎత్తుకెళ్ళారు. క్రౌథర్ 1878లో టాస్మేనియా ప్రీమియర్, అంటే అక్కడి ప్రభుత్వాధినేత అయ్యాడు. ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం తీసేయాలని నగర పాలక మండలి 2022లో తీర్మానించింది. ఆ పని జరిగేలోగా 2024 మే నెలలో ఎవరో రాత్రిపూట చీలమండల దగ్గర కోసి దాన్ని పడేశారు. పాదాలు మాత్రం పీఠం మీదే మిగిలాయి.

లాన్‌కు ఏం జరిగిందో త్రుగనిని చూసింది. ఆమెను “చివరి ఆడది” అన్నారు. ముసలితనంలో ఆమెకున్న భయం ఒకటే. నన్ను కోయనివ్వకండి అని మతగురువును, డాక్టరును బతిమాలింది. తన బూడిద సముద్రపు కాల్వలో కలపమంది. 1876 మే 8న చనిపోయింది. రెండేళ్ళకు, 1878లో, రాయల్ సొసైటీ ఆమెను తవ్వి తీసింది. ప్రజలకు చూపించకూడదన్న షరతు మీద ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1904 నుంచి 1947 దాకా ఆమె అస్థిపంజరం హోబార్ట్ మ్యూజియంలో గాజు పెట్టెలో నిలబడింది. బడి పిల్లలు వచ్చి చూసేవారు. ఆమె అడిగింది జరగడానికి దాదాపు 100 ఏళ్ళు పట్టింది. 1976 ఏప్రిల్ 30న దహనం చేసి బూడిద ఆ నీళ్ళలో కలిపారు. అప్పటికీ పని పూర్తి కాలేదు. ఆమె వెంట్రుకలు, చర్మం ముక్కలు లండన్ నుంచి 2002లో వచ్చాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆమె చివరి మనిషి కాదు. టాస్మేనియా ఆదివాసులు ఈరోజూ ఉన్నారు. ఫ్యానీ కోక్రేన్ స్మిత్ అనే ఆమె 1899లో, మళ్ళీ 1903లో తన భాషలో పాటలు పాడితే మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశారు. ఆ గొంతు ఈనాటికీ వినొచ్చు. “చివరి” అన్న మాటే ఆ ఎముకలకు ధర పెంచింది. ఒక జనం అంతరించిపోయిందని రాయడం శాస్త్రానికి లాభసాటిగా ఉండేది.

మన ఇంటికొద్దాం. ఎడ్గర్ థర్స్టన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కులం మీద ఏ వ్యాసం రాసినా ఆయన ఏడు సంపుటాలు తిరగేస్తాం. 1909లో అచ్చయ్యాయి, రంగాచారి అనే ఆయన తోడ్పాటుతో. థర్స్టన్ వైద్యం చదివినవాడు. 1885 నుంచి 1908 దాకా మద్రాసు ఎగ్మూరు మ్యూజియం సూపరింటెండెంటు. 1901లో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి జాతుల సర్వే బాధ్యత కూడా ఇచ్చారు. చేతిలో తల, ముక్కు కొలిచే కాలిపర్ అనే పరికరం, ఎత్తు కొలిచే కర్ర, ఒంటి రంగు పోల్చే పరికరం. తల వెడల్పును పొడవుతో భాగించి నూటితో హెచ్చవేస్తే ఒక అంకె. ముక్కుకూ అదే లెక్క. అంకె 70 లోపుంటే సన్న ముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు. ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కింద అని ఉత్తరాదిన హెర్బర్ట్ రిస్లీ తేల్చేశాడు. 1901 జనాభా లెక్కలకు అధికారి ఆయనే.

థర్స్టన్ తన సంపుటాల పీఠికలో, కొలతలు తీయడానికి వెళ్తే జనం ఏం చేశారో రాశాడు. ఆ పేజీలు నేను ఎన్నిసార్లు చదివానో. వయనాడులో పణియ తెగ ఆడవాళ్ళు ఆయనను చూడగానే పారిపోయారు. తమలో అందంగా ఉన్నవాళ్ళను చంపి, గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో పెడతాడనుకున్నారట. నీలగిరిలో చిన్న నేరానికి పోలీసులు వెతుకుతున్న ఒక ఇరుల తెగ మనిషి వచ్చి, ఎత్తు కొలిచే కర్ర దగ్గర నిలబడనన్నాడు. అది ఉరికొయ్య అన్నాడు. మైసూరు ప్రాంతంలో ముక్కు మొదట్లో గుర్తుకోసం పెట్టే తెల్లరంగు చుక్క పొక్కి అంకెగా మారుతుందని, ఆ అంకెతో పట్టుకుపోతారని భయపడ్డారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఒకచోట తిరునాళ్ళకు రథం లాగడానికి కూలీలు మిగల్లేదు.

వాటిలో మన వాళ్ళున్నారు. కోయంబత్తూరు దగ్గర వడ్డెరలు. మట్టిపని, రాతిపని, చెరువులు తవ్వే పని చేసే తెలుగువాళ్ళు. తమను బోయన్లమని చెప్పుకున్నారు. అప్పుడే దక్షిణాఫ్రికాలో, డచ్చి సంతతివాళ్ళైన బోయర్లతో బ్రిటిష్‌వాళ్ళు చేసిన యుద్ధం ముగిసింది. బోయర్లు చనిపోయారు గనక వాళ్ళ స్థానంలో బోయన్లమైన మమ్మల్ని ఓడ ఎక్కిస్తాడని వాళ్ళకు దిగులు పట్టుకుంది. ఆయన దిష్టి తగులుతుందని, ఆయన ఊరు దాటేదాకా ఇటుకల బట్టీ కాల్చనే లేదు.

థర్స్టన్ ఇవన్నీ చదువరిని నవ్వించడానికి రాశాడు. నా క్లాసులో పిల్లలూ నవ్వేవారు. కొన్నేళ్ళ తర్వాత నేను నవ్వడం మానేసి ఒక్కొక్క భయాన్నీ పక్కనే ఉన్న చరిత్రతో పోల్చి చూశాను. దక్షిణాఫ్రికా ఓడ అంటే భయమా? 1860 నుంచి మద్రాసు రేవులోంచి నటాల్ చెరకు తోటలకు కూలీలను ఎక్కిస్తూనే ఉన్నారు, తెలుగువాళ్ళు వేలల్లో వెళ్ళారు. వాళ్ళ మనవలు ఈరోజు డర్బన్‌లో ఉన్నారు. కొలతకూ ఉరికొయ్యకూ సంబంధమా? అదే కాలిపర్‌తో ఖైదీలను కొలిచి గుర్తుపట్టే పద్ధతి అప్పుడు పోలీసుల చేతిలో ఉంది. పోలీసు అధికారులకు ఈ కొలతల పాఠాలు చెప్పిందీ థర్స్టనే. మ్యూజియంలో గడ్డి కూరిన మనిషా? ఎముకలు మ్యూజియానికి చేరుతున్న కాలమే అది. అంకె వేసి పట్టుకుపోవడమా? 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది. ఎరుకల కుటుంబాలను పేరు పేరునా రిజిస్టరుకెక్కించి, వేలిముద్రలు తీసుకుని, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952లో.

వాళ్ళది మూఢనమ్మకం అంటారా? దొర ఎవరి మనిషో, ఆ అంకెలు ఎవరి చేతికి వెళ్తాయో వాళ్ళు సరిగ్గానే ఊహించారు. వివరాల్లో పొరపాటు పడ్డారేమో గాని, అసలు సంగతిలో పొరపాటు పడలేదు.

ఇప్పుడు నా సంగతి. ఇది ఇంతకు ముందు సభల్లో చెప్పలేదు, చెప్పడానికి కొంచెం టెన్షన్‌గానే ఉంది.

నేను ఎం.ఏ. చదివేటప్పుడు మాకు ఫీల్డ్‌వర్క్ ఉండేది. విశాఖ ఏజెన్సీలో ఒక ఊరికి వెళ్ళాం. ఊరి పేరు, నేను చదివిన చోటు పేరు చెప్పను. ఒక్కొక్కరం ఇంతమందిని కొలవాలని లెక్క. నాకూ ఒక కాలిపర్ ఇచ్చారు. చల్లగా, బరువుగా ఉండేది. మనుషుల కణతలకు ఆనిస్తే ఉలిక్కిపడేవారు. ఊరి పెద్దకు మా మాస్టారు చెబితే, ఆయన అందరినీ బడి ముందు వరుసలో నిలబెట్టాడు. ఎవరినీ నేను అడగలేదు. వరుసలో నిలబడ్డారు గనక ఒప్పుకున్నారనుకున్నాను.

ఒక ముసలమ్మ తన వంతు వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆపింది. “ఏటమ్మా, నా బుర్ర కొలిసి ఏటి సేత్తావు?” అంది. రికార్డు రాయాలి అవ్వా అన్నాను. “రాసి?” అంది. మాస్టారికిస్తాను అన్నాను. “ఆయనేటి సేత్తాడు?” అంది. నా దగ్గర జవాబు లేదు. మార్కులు వేస్తాడు అన్నది నిజమైన జవాబు. అది చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ఇంకేమీ అనకుండా వరుసలోంచి తప్పుకుని ఇంటికెళ్ళిపోయింది. ఆమె వెనక మరో ఆరుగురు వెళ్ళిపోయారు. ఏం రాయాలని మాస్టారిని అడిగితే, ఆ గడిలో “సహకరించలేదు” అని రాయమన్నారు. రాశాను.

థర్స్టన్ కూడా అదే రాశాడు కదా, కొంచెం వినోదంగా.

చెడ్డవాళ్ళే ఇలాంటివి చేస్తారనుకుంటే ఈ సినిమా మనకు సులువైపోతుంది. డాడ్ మంచివాడు, అతని స్నేహితులు చెడ్డవాళ్ళు. అమెరికాలో పనిచేసిన మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ గురించి చెబుతాను వినండి. తల ఆకారం జాతికి మారని గుర్తు అన్న సిద్ధాంతాన్ని పగలగొట్టింది ఆయనే. అమెరికాకు వలస వచ్చినవాళ్ళను, వాళ్ళ పిల్లలను కలిపి దాదాపు 18 వేలమందిని కొలిచి, అక్కడ పుట్టిన పిల్లల తలలు మారుతున్నాయని 1911 నాటికి చూపించాడు. జాతివాదానికి శాస్త్రంలో అంత పెద్ద దెబ్బ ఇంకెవరూ కొట్టలేదు. నేను గురువుగా భావించే మనిషి. కానీ 1897లో పియరీ అనే అన్వేషకుడు గ్రీన్‌లాండ్ నుంచి అక్కడి ఆదివాసులైన ఇన్యూట్లను ఆరుగురిని న్యూయార్క్ మ్యూజియానికి తెచ్చాడు. ఒకరిని తెమ్మని అడిగినవాళ్ళలో బోయాస్ ఉన్నాడు. నెలల్లోనే నలుగురు చనిపోయారు. కీసుక్ అనే ఆయన చనిపోతే, ఏడెనిమిదేళ్ళ కొడుకు మీనిక్ కళ్ళెదుట మ్యూజియం తోటలో అంత్యక్రియలు జరిపారు. గుడ్డలో చుట్టి పూడ్చింది దుంగను. తండ్రి ఎముకలు మ్యూజియంలోకి వెళ్ళాయి. పిల్లవాడు పెద్దయ్యాక తెలుసుకున్నాడు. నాన్నను నాకివ్వండి అని అడిగాడు. ఇవ్వలేదు. పిల్లవాడు బాధపడకూడదనే అలా చేశామని, అందులో తప్పేముందని బోయాస్ తర్వాత సమర్థించుకున్నాడు. మీనిక్ 1918లో ఫ్లూ వచ్చి చనిపోయాడు. కీసుక్ ఎముకలు గ్రీన్‌లాండ్‌లో మట్టికి చేరింది 1993లో.

బోయాస్‌కు వాళ్ళు మనుషులా కాదా అన్న అనుమానం ఏనాడూ లేదు. అయినా ఇది జరిగింది. అందుకే సినిమా వేసిన ప్రశ్న చాలదంటున్నాను. ఎదుటివాణ్ణి మనిషిగా ఒప్పుకోవడం ఒక మెట్టు. అతను వద్దంటే ఆగడం ఇంకో మెట్టు. మొదటి మెట్టు ఎక్కినవాళ్ళు చాలామంది రెండోది ఎక్కలేదు.

ఇది పాత కథ కాదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకాను ఆడపిల్లలకు వేసే ప్రాజెక్టు ఒకటి జరిగింది. పిల్లల్లో గిరిజన హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు ఎందరో. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లో, హెడ్మాస్టర్లో సంతకాలు పెట్టారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ టీకా క్యాన్సర్‌ను ఆపుతుంది, నా మనవరాలికి వేయించాను. నేను అడిగేది సంతకం గురించి. కొండ మీద ఊళ్ళో ఉన్న తల్లి దగ్గరికి ఒక మనిషి నడిచి వెళ్ళి, ఇదిగో ఇది వేస్తాం, ఇందుకు వేస్తాం, వద్దంటే వేయం అని చెప్పాల్సింది. అందుకు ఒక పూట పడుతుంది. వార్డెన్ సంతకానికి ఒక నిమిషం చాలు. వరుసలో నిలబెట్టారు గనక ఒప్పుకున్నట్టే అని నేనూ ఆ బడి ముందు అనుకున్నాను కదా.

సినిమా దగ్గరికి వచ్చి ముగిస్తాను. మళ్ళీ చూసేవాళ్ళకు ఒక మనవి. ఈసారి డాడ్ ముఖం వదిలేసి, కొలిచేటప్పుడు టోకో చేతులు చూడండి, లికోలా చూపు ఎటు పోతోందో చూడండి. ఆ పాత్రలు వేసిన లొమామా బొసెకి, సెసిల్ బయీహా డైలాగుల సాయం పెద్దగా లేకుండానే మొత్తం కథ చెబుతారు. విమర్శకులు సినిమాను పెద్దగా మెచ్చుకోలేదు. నేను మాత్రం వాళ్ళిద్దరి కోసం ఇంకోసారి చూస్తాను.

ఈరోజు వచ్చేముందు పాత ట్రంకుపెట్టెలోంచి నా ఫీల్డ్ నోట్‌బుక్ తీశాను. ఇదిగో, తెచ్చాను. అట్ట ఊడిపోయింది. కొలిచిన ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, తల పొడవు, వెడల్పు, ముక్కు కొలత మిల్లీమీటర్లతో సహా ఉన్నాయి. వాటితో ఎవరూ ఎప్పుడూ ఏమీ చేయలేదు. మార్కులు వేసి ఇచ్చేశారు. చివరి పేజీలో “సహకరించలేదు” అని ఏడు వరుసలున్నాయి. ఆ ఏడింటి ఎదుట పేరు గడి ఖాళీ. ఆ ముసలమ్మ పేరు నేను అడగలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. మైకు కిందికి పంపిస్తున్నాను. వెనక వరుసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు ఆమెకివ్వండి.